దూరాజ్ఞయు చిట్టాయు



ముదిగుబ్బ రైలుస్టేషను మనలో చాలమంది యెఱిగినదే. ధర్మవరమునుండి కదిరి మీదుగా పాకాలకు బోవు మార్గమున నదియొక చిన్న మజిలీ. నా బాల్యమున నది మీటరుగేజి దారి. సాయంకాలము బడి విడిచిన పిదప నేనును నా తోడిపిల్లలును స్టేషనుమాస్టరుగారి కిటికీకడ నిలిచి లోపలి వ్యవహారమును వింతగా చూచుచుండెడివారము. ఒంటి పట్టాల దారిపై రెండుబండ్లు ఎదురెదురుగా రాకుండుటకు గల యేర్పాటది. మాస్టరుగారు ముందు గంట మ్రోగించెడివారు. పిదప ఫోను చేతబట్టి, ఫలానా నెంబరు బండికి దారి ఖాళీగా నున్నదా యని పక్కస్టేషనువారి నడిగెడివారు. అవతలివారు లైన్ క్లియర్ అని చెప్పి, దానితోడ నొక గుప్తాంకమును గూడ నిచ్చెడివారు. ఈయన యా యంకమును బిగ్గరగా తిరిగి చెప్పి, గడియారము చూచి, పెద్ద రిజిస్టరులో వేళయు అంకెయు వ్రాసికొని, అటుపిమ్మట యంత్రమునుండి గోళమును దీసి తోలుసంచిలో నుంచి డ్రైవరునకు పంపెడివారు. అందులోని యంత్రరహస్యము నాకు నాడు తెలియలేదు. తెలిసినదొక్కటే: విన్నమాట వ్రాతలోని కెక్కిన పిమ్మటగాని బండి కదలదు.

నేటి ప్రసంగమున నేను చెప్పదలచినది ఈ పద్ధతియొక్క చరిత్ర. దూరమందున్న యంత్రమునకు మనముండుచోటనుండియే ఆజ్ఞ పంపుట, ఆ యాజ్ఞలను ముందే వరుసగా వ్రాసిపెట్టుకొనుట, అది యిచ్చిన జవాబును పొల్లుపోకుండ వ్రాసి దాచుట, యంత్రములు వేఱువేఱు జాతులవైనప్పుడు గలుగు చిక్కులు, ఇవి నా విషయములు. కంప్యూటరుల సంగతి ముసలివారి కెందుకని మీరు నవ్వవచ్చును. భూమిపట్టా, పింఛను, పంటబీమా, కఱవు సహాయము నేడు కంప్యూటరులోని వ్రాతను బట్టియే నడచుచున్నవి గనుక ఇది మన సంగతియే. ఆ వ్రాతలో నొక పేరు తప్పినందున జరిగినదానిని చివర చెప్పెదను.

మన షావుకారులకు చిట్టాయు ఆవర్జాయు నని రెండు పుస్తకము లుండెడివి. చిట్టాలో ఏ వేళ జరిగిన వ్యవహారము ఆ వేళకే వరుసగా ఎక్కును. ఆవర్జాలో అదియే పేరుపేరునకు విడదీసి కూర్చబడును. తగవు వచ్చినప్పుడు పెద్దలు ముందుగా అడుగునది చిట్టాయే. ఆవర్జాలో వ్రాసినవాని బుద్ధి కొంత చేరును. చిట్టాలో అంతగా చేరదు. నేను ఈ ప్రసంగమున చిట్టా యన్నప్పుడెల్ల యంత్రము పలికిన పలుకును పలికినట్లే దాచిన వ్రాత యని గ్రహింపుడు.

దూరమునుండి ప్రశ్న పంపి జవాబును వ్రాయించుకొనుట మన సీమకు యంత్రములకంటె ముందే తెలియును. 1800లో నిజాము ఈ దత్తమండలములను కుంపిణీవారి కప్పగించెను. థామస్ మన్రో 1800 మొదలు 1807 వఱకు ఈ మండలములకు ప్రధాన కలెక్టరు. ఆ కాలముననే కాలిన్ మెకంజీ యను సర్వేయధికారి తన క్రింది పండితులను గ్రామగ్రామమునకు బంపి, దేవాలయములు, చెఱువులు, పాలెగాండ్ర వంశములు మున్నగువానిని గూర్చి కరణములచే చెప్పించి వ్రాయించెను. అట్లు పుట్టినవే కైఫియతులు. ఆ పనికి మార్గము దీసినవాడు తెలుగువాడైన కావలి వెంకట బొఱ్ఱయ్య. అతడు 1803లో చిన్నతనముననే చనిపోగా తమ్ముడు లక్ష్మయ్య దానిని నెత్తికెత్తుకొనెను. ప్రశ్న ఒకచోట, జవాబు వేఱొకచోట, భాషలు నాలుగైదు. తెలుగున జెప్పినది తెలుగుననే, కన్నడమున జెప్పినది కన్నడముననే వ్రాసికొనిరి గనుకనే ఆ వ్రాతలకు నేటికిని విలువ. ఇంగ్లీషులోనికి మార్చి సారమును మాత్రమే దాచియున్నచో మనకేమి మిగిలెడిది?

తరువాత తంతి వచ్చినది. విలియం ఓషానెస్సీ యను వైద్యుడు 1839లోనే కలకత్తాకడ తీగెలు గట్టి పరీక్షలు చేసెను. 1855లో తంతి మన దేశమున ప్రజల కందుబాటులోనికి వచ్చెను. 2013 జులైలో తంతివార్తల కొలువు ఆగిపోయెను. అమెరికాలో మోర్సు 1844లో తన తంతిని నడపినప్పుడు, అవతలి కొసనున్న యంత్రము కాగితపు పట్టీపై గీతలు గీసెడిది. అనగా వార్తతోపాటే చిట్టాయు పుట్టెడిది. కాని కొలది కాలమునకే పనివాండ్రు ఆ టకటకలను చెవితో విని వ్రాయుట నేర్చిరి. కాగితపు పట్టీ వెనుకబడెను. పని వేగమైనది, ఖర్చు తగ్గినది, యంత్రపు సాక్ష్యము మాత్రము పోయినది. అటుపిమ్మట విన్నవాని చెవియే ప్రమాణము. మన స్టేషనుమాస్టరు అంకెను తిరిగి చెప్పుట ఇందులకే. వేదమును పదముగాను క్రమముగాను చెప్పించిన మన పెద్దల బుద్ధియు నిట్టిదే యని నాకు తోచును.

లెక్కలుచేయు యంత్రమునకు తంతితీగెను తొలిసారి తగిలించినవాడు జార్జి స్టిబిట్జు అను అమెరికా గణితజ్ఞుడు. అతడు బెల్ పరిశోధనాలయమువారి కొఱకు రిలేలతో నొక గణనయంత్రమును న్యూయార్కు నగరమున గట్టెను. 1940 సెప్టెంబరు 11వ తేదీన డార్టుమత్ కాలేజీలో గణితశాస్త్రజ్ఞుల సభ జరిగెను. న్యూయార్కునకు దూరముగా నున్న ఆ ఊరికి యంత్రమును మోసికొనిపోలేదు. సభలో నొక టెలిటైపు, అనగా తంతితో నడచు టైపుమిషను, మాత్రముంచిరి. సభ్యులు దానిపై లెక్కను కొట్టగా అది తీగెవెంట న్యూయార్కునకు బోయి, జవాబు అదే మిషనుమీద కాగితముపై తిరిగి అచ్చుపడెను. ప్రశ్నయు జవాబును ఒకే కాగితమున ఒకదానిక్రింద నొకటి నిలిచినవి. దూరాజ్ఞకు పరిపూర్ణమైన తొలి చిట్టా యిదియే యనవచ్చును. దానికొఱకై ఎవరును వేఱుగా శ్రమపడలేదు. కాగితము తానుగా దాచిపెట్టినది. తరువాతి కాలమున కాగితమునకు బదులు గాజుతెర వచ్చినప్పుడు అక్షరములు పైకిబోయి మాయమగుచుండెను. అప్పుడుగాని ఆ కాగితపు విలువ జనులకు తెలియలేదు.

1961లో ఎం.ఐ.టి. యను అమెరికా విద్యాలయమున కార్బటో అనువారు ఒకే కంప్యూటరును పలువురు ఒకేసారి వేఱువేఱు టెలిటైపులనుండి వాడుకొను నేర్పాటు చేసిరి. అందు పనిచేసిన లూయీ పూజాన్ అను ఫ్రాన్సు దేశస్థునకు ప్రతిదినము అవే యాజ్ఞలను కొట్టికొట్టి విసుగుపుట్టెను. అతడు ఆజ్ఞలను ముందే ఒక పత్రములో వ్రాసిపెట్టి, ఆ పత్రముపేరు చెప్పినంతనే యంత్రము వానిని వరుసగా నెరవేర్చునట్లు చేసెను. దానికి రన్‌కామ్ అని పేరు. నేడు స్క్రిప్టు అనబడు ఆజ్ఞాపత్రమునకు మూలములలో నిదియొకటి. యూనిక్సు వ్యవస్థలలో కొన్ని పత్రముల పేళ్ల చివర ఆర్‌సీ యను రెండక్షరములు నేటికిని గలవు. అవి ఆ రన్‌కామ్ తాలూకు శేషములే. మా ఊళ్లలో ఇంటిపేళ్లవలె, అర్థము మఱచినను పేరు నిలిచినది.

ఇంతవఱకు ఒకే యంత్రము, ఒకే మర్యాద. రెండు భిన్నజాతుల యంత్రములు మాటలాడినది 1969 అక్టోబరు 29వ తేదీ రాత్రి పదిన్నరకు. కాలిఫోర్నియాలో లాస్ ఏంజిల్సు విశ్వవిద్యాలయమున ఒక జాతి కంప్యూటరు. ఉత్తరముగా సుమారు 350 మైళ్ల దూరమున స్టాన్‌ఫర్డు పరిశోధనసంస్థలో వేఱొక జాతిది. క్లెయిన్‌రాక్ ఆచార్యునికడ చార్లీ క్లైన్ అను విద్యార్థి ఈ వైపున కూర్చుండెను, ఆ వైపున బిల్ డ్యువాల్. ఇద్దరిచేతులలోను ఫోన్లు గలవు. లాగిన్ అను మాటను పంపవలయును. క్లైను ఎల్ అను అక్షరమును కొట్టి, వచ్చినదా యని ఫోనులో నడిగెను. వచ్చినదని జవాబు. ఓ అను అక్షరమును కొట్టెను. అదియు వచ్చెను. జీ అను అక్షరమును కొట్టగానే అవతలి వ్యవస్థ కూలబడెను. ఆ వ్యవస్థ మర్యాద యేమనగా, మూడక్షరములు చూడగనే మిగిలినమాటను తానే పూరించి ఒక్కసారిగా తిరిగి పంపును; ఒక్కొక్క అక్షరమునకే చోటుంచిన ప్రోగ్రాము దానిని తాళలేకపోయెనని చెప్పుదురు. ఒక గంటలో సరిచేసికొని మరల గలిపిరి. ఆ రాత్రి ఒక నోటుపుస్తకమున పదిన్నరకు అవతలి యంత్రముతో మాటలాడితిమని చేతివ్రాతతో వ్రాసికొన్న పంక్తి నేటికిని భద్రముగా నున్నది. ఇంటర్‌నెట్టు పుట్టుకకు ఆ చిట్టాయే సాక్ష్యము. వినగా వినగా నాకు మా స్టేషనుమాస్టరుగారే కన్నుల గట్టుచున్నారు: అడుగుట, అవతలివాని జవాబు వినుట, వేళవేసి వ్రాసికొనుట.

ఇక భిన్నజాతుల సంగతి. కంప్యూటరును నడపు పాలనాక్రమమునకు ఆపరేటింగ్ సిస్టమని పేరు. యూనిక్సు, దాని వంశమున బుట్టిన లినక్సు, మైక్రోసాఫ్టువారి విండోసు, యాపిల్‌వారి మ్యాకు, ఇవి మన కాలమున వాడుకలో నున్నవి. ఒకదాని యాజ్ఞ వేఱొకదానికి తెలియదు. అంతకంటె సూక్ష్మమైన భేదమొకటి కలదు. అది పంక్తి ముగియుటకు సంబంధించినది. టైపుమిషనుపై పనిచేసినవారు దీనిని సులభముగా గ్రహింతురు. పంక్తి చివరకు వచ్చినప్పుడు రెండు పనులు చేయవలయును. ఒకటి, బండిని ఎడమకొసకు నెట్టుట. రెండు, కాగితమును ఒక వరుస పైకి జరుపుట. టెలిటైపులలో నీ రెండింటికిని రెండు వేఱువేఱు గుర్తు లుండెను. 1963లో ఏర్పడిన ఆస్కీ యను అక్షరసంకేతములలోను ఆ రెండును నిలిచినవి. రెండింటిని విడిగా నుంచుటకు ఒక లౌకికకారణమును గలదు. బండి కుడికొసనుండి ఎడమకొసకు వచ్చుటకు ఒక్క అక్షరకాలము చాలదు. రెండవ గుర్తు పోవునప్పటికి బండి చోటికి చేరును.

యూనిక్సు కట్టినవారు రెండెందుకని ఒక్క కాగితపు జరుపును మాత్రముంచుకొనిరి. విండోసునకు పూర్వమున్న డాసులో రెండును నిలిచెను; విండోసు దానినే పుణికిపుచ్చుకొన్నది. పాత మ్యాకు యంత్రములు బండిగుర్తును మాత్రముంచుకొని రెండవదానిని విడిచెను. 2001లో క్రొత్త మ్యాకు వ్యవస్థ వచ్చి యూనిక్సు మార్గమున చేరినది. కావున ఒకరి చిట్టాను వేఱొకరి యంత్రములో దెఱచినచో పంక్తులన్నియు నొకదానికొకటి అతుకుకొని పోవుటయో, ప్రతి పంక్తి చివర నర్థములేని గుర్తు దగుల్కొనుటయో జరుగును. బండియే లేని యంత్రములు బండిని గూర్చి తగవులాడుకొనుట! తాళపత్రము పోయినను దారపు రంధ్రము కొఱకు నడుమ చోటు విడిచిన కాగితపు ప్రతులను నేను చూచియున్నాను, అట్టిదే యిది.

ఈ తగవునకు టెల్‌నెట్ అను పద్ధతివారు చక్కని పరిష్కారము కనుగొనిరి. ఆ నిబంధనల సంపూర్ణరూపమును 1983 మే నెలలో జాన్ పోస్టెల్, జాయిస్ రేనాల్డ్సు అనువారు ప్రకటించిరి. ప్రతి యంత్రమును తక్కిన యంత్రములన్నిటి భాషలను నేర్వ నక్కఱలేదు. నడుమ నొక కల్పిత టెర్మినలును భావింపవలయును. పంపునది తన భాషను దానిభాషకు మార్చి పంపును. పుచ్చుకొనునది దానిభాషనుండి తన భాషకు మార్చుకొనును. తీగెపైన మాత్రము పంక్తిచివర రెండుగుర్తులును ఉండి తీరవలయునని నియమము. పూర్వము పండితులు దేశదేశములనుండి కాశికి బోయి, సంస్కృతము నడుమనుంచుకొని మాటలాడుకొన్నట్లే. ఎవని ఇంటిభాష వానిదే.

గాజుతెరలు వచ్చి కాగితము పోయినదని చెప్పితిని గదా. ఆ లోటును దీర్చుటకై 1979లో బర్కిలీ విశ్వవిద్యాలయపు యూనిక్సులో స్క్రిప్టు అనుపేరుతోనే యొక పనిముట్టు వచ్చినది. దానిని మొదలిడిన పిమ్మట తెరపై కనబడునదంతయు నొక పత్రములో నెక్కును. ఇందొక చమత్కారము గలదు. వ్రాయువాడు తప్పుకొట్టి వెనుకకు వచ్చి సరిదిద్దుకొన్నచో తెరపై తప్పు మాయమగును. చిట్టాలో మాత్రము తప్పును, వెనుకకు వచ్చిన గుర్తును, దిద్దుబాటును మూడును నుండును. క్రొత్తవారు దీనిని చూచి యిది పాడైన వ్రాత యనుకొందురు. కాదు. అదియే నిజమైన వ్రాత. పూర్వపు లేఖకులు తాళపత్రగ్రంథముల చివర, చూచినది చూచినట్లు వ్రాసితిని, దోషము నాదికాదని విన్నవించుకొనెడివారు. ఈ పనిముట్టు ఆ సంప్రదాయమువారి శిష్యుడే.

అయినను పెద్ద చిక్కొకటి మిగిలెను. ఆజ్ఞాపత్రము ఆజ్ఞలను వరుసగా చెప్పగలదుగాని, అవతలి యంత్రము నడుమ నెదురుప్రశ్న వేసినచో జవాబీయజాలదు. నీవెవడవని అడుగును, రహస్యపదమేమని అడుగును, ఈ పత్రమును తుడిచివేయుదునా, అవునా కాదా యని అడుగును. మనిషి కూర్చుండియుండవలసినదే. అమెరికా ప్రభుత్వపు ప్రమాణసంస్థలో పనిచేయు డాన్ లిబెస్ 1990లో ఎక్స్‌పెక్టు అను సాధనమును ప్రకటించెను. ఎక్స్‌పెక్టు అనగా ఎదురుచూచుట. బర్కిలీలో ఆస్టర్‌హౌటు చేసిన టికిల్ అను చిన్నభాషపై దీనిని గట్టెను. దానిలో ముఖ్యమైన మాటలు మూడే: అవతలి పనిని పుట్టింపుము, పంపుము, ఎదురుచూడుము. రహస్యపదమను మాట వచ్చువఱకు ఎదురుచూడుము. రాగానే దీనిని పంపుము. కొలువు సిద్ధమను గుర్తు వచ్చువఱకు ఎదురుచూడుము. రాగానే ఈ యాజ్ఞను పంపుము. ఇట్లు నాటకమునకు వలె ముందుగనే సంవాదము వ్రాసిపెట్టవచ్చును. అవతలి ప్రోగ్రాము తనతో మాటలాడుచున్నది మనిషియే యని నమ్మును, ఏలయన ఎక్స్‌పెక్టు నడుమ నొక కల్పిత టెర్మినలును నిలిపి దానిలోనుండి మాటలాడును.

ఎదురుచూచుటకు గడువు గలదు. వేఱుగా చెప్పనిచో అది పది సెకండ్లు. గడువు దాటినచో ఏమి చేయవలయునో వ్రాయువాడు ముందే చెప్పవలయును. చెప్పని వారే యెక్కువ. అప్పుడేమగును? జవాబు రాకున్నను ఆజ్ఞాపత్రము తరువాతి పంక్తికి పోవును. లైన్ క్లియర్ రాకుండగనే గోళమును చేతికిచ్చి బండిని వదలినట్లగును. ఈ సాధనముతో జరిగిన పొరపాటులలో చాలభాగ మిట్టివే. మఱియొక దోషము, సోమరులైనవారు రహస్యపదమును ఆజ్ఞాపత్రములోనే వ్రాసిపెట్టుట. తాళముచెవిని తలుపునకే వ్రేలాడదీసిన యింటికి తాళమెందులకు?

టెల్‌నెట్‌లో రహస్యపదము తీగెపై బట్టబయలుగా పోయెడిది. 1995లో ఫిన్లాండు దేశమున హెల్సింకీ సాంకేతిక విశ్వవిద్యాలయపు వలలో ఎవడో దాగియుండి అట్టి పదములను దొంగిలించెను. అచ్చటి పరిశోధకుడు తాతు ఉలోనెన్ ఆ యేడే సంభాషణమంతయు సంకేతలిపిలో పోవునట్లు ఎస్.ఎస్.హెచ్. అను పద్ధతిని కల్పించి లోకమునకు విడిచెను. నేడు దూరాజ్ఞలకు నదియే రాజమార్గము. విండోసువారు చిరకాలము వేఱుదారిన నడచిరి. 2006లో జెఫ్రీ స్నోవర్ నాయకత్వమున వెలువడిన పవర్‌షెల్ అను సాధనము, జవాబును అక్షరపంక్తులుగా గాక అంశములు విడదీసిన వస్తువులుగా నిచ్చును. అనగా యూనిక్సు చిట్టా నిచ్చును, పవర్‌షెల్ ఆవర్జా నిచ్చును. రెండింటికిని ప్రయోజనము గలదు. 2016లో పవర్‌షెల్ లినక్సునకును మ్యాకునకును గూడ అందినది. 2018 నాటికి విండోసులోనికి ఎస్.ఎస్.హెచ్. వచ్చి చేరినది. వియ్యము కుదిరినదిగాని వంటలు నేటికిని వేఱే.

ఇవి విదేశముల మాటలు. దూరాజ్ఞ మన పొరుగునకు వచ్చినది 1985 ప్రాంతమున. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్సు అను అమెరికా కంపెనీ బెంగుళూరున కొలువుదీరి, అమెరికాలోని తన యంత్రములతో ఉపగ్రహముద్వారా మాటలాడుటకు సొంత యేర్పాటు చేసికొనెను. ఆకాశమునుండి మాటలను పట్టు ఆ పెద్ద పరికరమును చోటికి చేర్చినది ఎద్దులబండి యని ప్రసిద్ధి. 1980వ దశకపు చివర జాతీయ ఇన్‌ఫర్మాటిక్సు కేంద్రమువారు ఉపగ్రహపు వలతో జిల్లా కేంద్రములను ఢిల్లీతో గలుపసాగిరి. రైలు టిక్కెట్ల రిజర్వేషనులో మొదట ఏ మహానగరపు యంత్రము దానిదే. ఒకచోటి యంత్రము వేఱొకచోటి బండి సంగతి నెఱుగదు. 1990వ దశకము నడుమ సికింద్రాబాదున ఆరంభమైన క్రొత్త పద్ధతి 1999 నాటికి ఐదు కేంద్రములను గలిపెను. నేడు ముదిగుబ్బనుండి అనంతపురమునకు బోకయే ఎచ్చటినుండి ఎచ్చటికైనను టిక్కెట్టు తీయగలుగుట ఆ కలయిక ఫలమే. మా శిష్యులలో పలువురు బెంగుళూరున కూర్చుండి రాత్రులందు అమెరికా యంత్రములకు ఆజ్ఞలు పంపి జీవించుచున్నారు. ఈ ప్రసంగములోని సాంకేతికాంశములలో చాలభాగము వారిలో నొకడు నాకు మా యరుగుమీద కూర్చుండి బోధించినవే. నేను వానికి సంధులు చెప్పితిని. వాడు నాకు వీనిని చెప్పెను. ఋణము తీరినది.

వాడు చెప్పిన మఱి రెండు సూక్ష్మములు తెలిసినగాని నా కథ బోధపడదు. యూనిక్సువంటి వ్యవస్థలలో ప్రతి పనికిని రెండు నోళ్లుండును. ఒకనోట జవాబు చెప్పును, రెండవనోట ఫిర్యాదు చెప్పును. చిట్టాలో జవాబును మాత్రము పట్టి ఫిర్యాదును విడిచిపెట్టుట చాల సులభము. మఱియు పని ముగిసినప్పుడు ఒక అంకె నిచ్చును: సున్న యైనచో సిద్ధి, వేఱంకె యైనచో లోపము. మనకు శూన్యమనగా లేమి. అచ్చట దోషము లేమి. జవాబును తెరపై చూపుచు పత్రములోను వ్రాయుటకు టీ అను పనిముట్టు గలదు. మన డ్రిప్పు పైపులకు వేయు టీ జాయింటు పేరే దానికి బెట్టిరి. వచ్చిన నీటిని రెండు దారుల బంపును. అయితే పనిని టీతో గలిపి నడపినప్పుడు, వేఱుగా చెప్పనిచో, చివర వచ్చు అంకె అసలు పనిది కాదు, టీది. అసలు పని చెడినను వ్రాయువాడు వ్రాసితినని సున్న చెప్పును.

ఇక తెలుగక్షరముల సంగతి. 1991లో వెలువడిన యూనికోడు తొలిప్రతిలోనే తెలుగున కొక చోటు దొరకెను. అంతకుముందును, తరువాత బహుకాలమును, ఒక్కొక్క అక్షరముల కంపెనీకి ఒక్కొక్క సొంత సంకేతము. ఒకరి వ్రాత వేఱొకరికి పిచ్చిగీతలు. నేడు సర్వత్ర నడచు యూటీఎఫ్-8 అను పద్ధతిని 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ అనువారు కల్పించిరి. దానిలో ఇంగ్లీషక్షరమునకు ఒక్క బైటు చాలును. తెలుగు గుర్తునకు మూడు బైట్లు. అందును మనము ఒక్క అక్షరముగా చూచు వెం అనునది యంత్రమునకు వ, ఎత్వము, సున్న అని మూడు గుర్తులు, అనగా తొమ్మిది బైట్లు. వర్ణము వేఱు, గుణితము వేఱు అను మన వ్యాకరణమును యంత్రము ఎంత నిక్కచ్చిగా పాటించుచున్నదో చూడుడు!

కొన్నియేండ్ల క్రిందట కఱవు వచ్చి మాకు వేరుసనగ పూర్తిగా పోయినది. సహాయము పొందవలసిన రైతుల పట్టికను ఒక కార్యాలయమువారు విండోసు యంత్రమునుండి దూరమందున్న లినక్సు యంత్రమునకు ఆజ్ఞాపత్రముతో పంపిరి. పేరుగడికి ముప్పది బైట్ల వెడల్పు పెట్టిరి. ఇంగ్లీషు పేళ్లతో పరీక్షించిరి గనుక చాలునని తోచినది. మా ఊర వెంకటరామి యను మాటతో మొదలగు పేరుగలవారు మువ్వురు. ఒకరి పేరుచివర రెడ్డి, ఒకరికి నాయుడు, మఱియొకరికి శెట్టి. వెంకటరామి యను మాటకు తొమ్మిది గుర్తులు, ఇరువదియేడు బైట్లు. నడుమ ఖాళీకి ఒకటి. మిగిలినవి రెండే, ఏ అక్షరమునకును మూడు కావలయును. కావున మువ్వురి పేళ్లును వెంకటరామి దగ్గఱనే తెగి, వెనుక నొక విఱిగిన ముక్క మిగిలెను. ఒకే పేరు మూడుమార్లు వచ్చినదని ప్రోగ్రాము ఇద్దరిని త్రోసివేసెను. త్రోసివేసితినని రెండవనోట చెప్పియే చేసెను. ఆ నోటిని ఎవరును పట్టలేదు. టీ సున్న చెప్పెను. పట్టిక సిద్ధించినదని పై వారికి వ్రాసిరి.

సహాయము రెడ్డిగారికి వచ్చినది. తక్కిన ఇద్దరును నాలుగు నెలలు తిరిగిరి. మీ పేళ్లు పంపితిమి, యంత్రము స్వీకరించినదని చెప్పుచున్నదని వారికి ప్రతిసారియు నొకే జవాబు. నేను వారి యర్జీలు వ్రాసిపెట్టితిని. నా భాషకు యంత్రము కరగునా? చివరకు ఆ కార్యాలయముననే తాత్కాలికముగా పనిచేయు నొక చిన్నవాడు, ఆ రాత్రి పనియంతయు స్క్రిప్టు పనిముట్టు నడుమ నడపియుండుట వలన, తన చిట్టాను వెదకి తీసెను. అందు జవాబులు, ఫిర్యాదులు, వాడు తప్పుకొట్టి దిద్దుకొన్నవి, పంక్తిచివరల నంటియున్న విండోసు బండిగుర్తులు, అన్నియు కలగాపులగముగా నుండెను. ఆ గందరగోళమున, పేరు మఱల వచ్చినది గనుక విడిచితినను పంక్తులు రెండు గలవు. వాడు వానిని అచ్చువేసి పై యధికారి బల్లమీద నుంచెను. అధికారి చదివి, వెడల్పును బైట్లలో గాక అక్షరములలో లెక్కింపుడని యాజ్ఞాపించి, పట్టికను తిరిగి నడిపించెను. ఇతర గ్రామములలోను ఇట్టివారు బయటపడిరి.

సొమ్ము వచ్చునప్పటికి ఆ యేటి విత్తనపు అదను దాటిపోయినది. శెట్టిగారు అప్పుచేసి విత్తిరి. నాయుడుగారు ఆ యేడు చేను బీడుపెట్టి, కొడుకును బెంగుళూరునకు కూలికి పంపిరి.